కిందికి దించిన డర్ట్ బైకును మళ్లీ అసలు ఎత్తుకు తీసుకురావడం ఎలా?

పాత డర్ట్ బైకు అమ్మేవారు తరచుగా అనే మాట ఒకటుంది: "కాస్త కిందికి దించాం, అంతే." ఆ "అంతే"లో ఏమేం పనులు జరిగాయో చాలాసార్లు అమ్మేవారికే తెలియదు. ఒక యజమాని వెనుక సస్పెన్షన్ లింకు మార్చి ఉంటాడు, అంతకుముందు యజమాని ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) వాటి క్లాంపుల్లో పైకి జరిపి ఉంటాడు, మధ్యలో ఎవరో సీటు ఫోమ్ కోసి ఉంటారు. అందుకే అసలు ఎత్తుకు తీసుకురావడమంటే ఒక పార్టు కొని బిగించడం కాదు. బండిని ఎక్కడెక్కడ దించారో ముందు కనిపెట్టాలి, తర్వాత ముందూ వెనుకా కలిపి వెనక్కి తిప్పాలి. కనిపెట్టడమే ఇందులో పెద్ద పని. పానాలతో చేసేది దానికంటే తేలిక.

అంకెల కోసం హోండా సీఆర్‌ఎఫ్300ఎల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. రోడ్డు మీదా అడవి బాటల్లోనూ నడిచే ఈ బండి 2021 మోడల్‌గా వచ్చింది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో సొంత గ్యారేజీలో పని చేసుకునే తెలుగువారికి సెకండ్‌హ్యాండ్‌లో సులువుగా దొరుకుతుంది. ఎత్తు ఎక్కువ కాబట్టి చాలామంది దీన్ని దించుతారు. కంపెనీ లెక్క ప్రకారం సీటు ఎత్తు 880 మి.మీ., గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి బండి అడుగు దాకా ఎత్తు) 285 మి.మీ., సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) ముందూ వెనుకా 260 మి.మీ. మన దగ్గర ఎక్కువగా కనిపించే హీరో ఎక్స్‌పల్స్ 200కు ఇవే అంకెలు వేరు: సీటు సుమారు 825, గ్రౌండ్ క్లియరెన్స్ 220, ట్రావెల్ ముందు 190, వెనుక 170 మి.మీ. బండి ఏదైనా పద్ధతి ఒకటే. మీ మోడల్ అంకెలు ముందు కాగితం మీద రాసుకోండి.

ఇంకో జాగ్రత్త. సీఆర్‌ఎఫ్300ఎల్‌లోనే ఎల్‌ఎస్ అనే రకాన్ని కంపెనీయే తక్కువ ఎత్తుతో తయారు చేసింది. దాని సీటు సుమారు 830 మి.మీ. ఉంటుంది. మీ చేతిలో ఉన్నది అదే అయితే ఎవరూ దించలేదు, వెనక్కి తిప్పడానికి ఏమీ లేదు. ఫ్రేమ్ నంబరుతో డీలరు దగ్గర మోడల్ సరిచూసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

అలాగే పని మొదలుపెట్టకముందే దించని బండి మీద ఒకసారి కూర్చుని చూడండి. 880 అనే అంకె భయపెడుతుంది గానీ, మనిషి ఎక్కగానే బండి కొంత కుంగుతుంది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆననవసరం లేదు. సీటు మీద ఒక పక్కకు జరిగి ఒక పాదం గట్టిగా ఆనించగలిగితే చాలు.

ఎక్కడ దించారో కనిపెట్టడం

బండి ఎత్తు తగ్గించే దారులు ఐదారున్నాయి. ప్రతిదీ ఏదో ఒక గుర్తు వదులుతుంది.

మొదట ముందు నుంచి చూడండి. హ్యాండిల్ దగ్గర ఫోర్కు గొట్టాలను పట్టుకునే పై క్లాంపు ఉంటుంది. దానిపైకి గొట్టం ఎంత పొడుచుకొచ్చిందో కొలవండి. కొన్ని బళ్లలో గొట్టం అంచు క్లాంపుతో సమంగా ఉంటుంది, కొన్నిటిలో కొద్ది మిల్లీమీటర్లు పైకి ఉంటుంది. సరైన కొలత సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గొట్టం 20, 25 మి.మీ. దాకా పైకి కనిపిస్తుంటే అది కంపెనీ పని కాదు. హ్యాండిల్ కింద అదనంగా రైజర్లు కనిపిస్తే కూడా అనుమానించండి. పైకి వచ్చిన గొట్టాలు హ్యాండిల్‌కు తగలకుండా అవి పెడతారు.

తర్వాత ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, ఫోర్కు పూర్తిగా సాగి ఉండగా మెరిసే క్రోమ్ భాగం పొడవు కొలవండి. సీఆర్‌ఎఫ్ లాంటి తలకిందుల ఫోర్కులో క్రోమ్ కింది వైపు ఉంటుంది, మామూలు ఫోర్కులో పై వైపు. 260 మి.మీ. ట్రావెల్ ఉన్న ఫోర్కులో కనీసం అంత క్రోమ్ బయటికి కనిపించి తీరాలి, లేకపోతే అంత దూరం కదలడానికి దానికి చోటే లేదు. కొలత 260 కంటే బాగా తక్కువ వస్తే ఫోర్కు లోపల స్పేసర్ (పూర్తిగా సాగకుండా అడ్డుకునే ముక్క) వేసి పొట్టి చేశారన్నమాట. మామూలు ఫోర్కుతో ఒక చిక్కుంది. గొట్టాలు పైకి జరిపినా నూనె కారకుండా ఆపే సీలుకూ కింది క్లాంపుకూ మధ్య కనిపించే క్రోమ్ తగ్గుతుంది. కాబట్టి అక్కడ సీలు నుంచి గొట్టం పై కొస దాకా మొత్తం పొడవు కొలిచి, అదే మోడల్‌లో దించని బండితో పోల్చాలి.

ఇక వెనుక. వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కింద, షాకబ్జార్బర్ అడుగున లింకు ఉంటుంది. బండిని బట్టి అది రెండు పలకలుగానో ఒకే ముక్కగానో వస్తుంది. మిగతా పార్టులన్నీ నలుపో వెండి రంగో ఉండి, ఇదొక్కటి ఎర్రగానో నీలంగానో మెరుస్తుంటే ఎక్కువ వెతకనవసరం లేదు. రంగు మామూలుగా ఉన్నా దాని మీద కంపెనీ ముద్ర ఉందో లేదో చూడండి. చాలా బళ్లలో ఈ లింకు పొడవు పెరిగితే వెనుక భాగం దిగుతుంది. అన్నిటికీ ఇదే నియమమని అనుకోవద్దు, అమరికను బట్టి మారుతుంది. రెండు రంధ్రాల మధ్య దూరాన్ని అసలు పార్టుతో పోల్చడమే నమ్మదగిన పద్ధతి.

లింకు అసలుదే అయినా బండి కిందికే ఉంటే షాకబ్జార్బర్‌ను అనుమానించాలి. చక్రం గాలిలో ఉన్నప్పుడు పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకు కొలిచి దించని బండితో సరిచూడండి. పొట్టిగా ఉంటే లోపల స్పేసర్ ఉంది. కేటీఎం ఈఎక్స్‌సీ బళ్లలో చాలావాటికి వెనుక లింకే ఉండదు, షాకబ్జార్బర్ నేరుగా స్వింగ్ ఆర్మ్‌కు బిగిసి ఉంటుంది. అక్కడ మార్చడానికి లింకు లేదు కాబట్టి దించాలంటే షాకబ్జార్బర్ జోలికే వెళ్లాలి.

మిగిలినవి చిన్నవి: కోసిన సీటు ఫోమ్, నరికి మళ్లీ వెల్డింగ్ చేసిన సైడ్ స్టాండ్. స్టాండ్ మీద వెల్డింగ్ మచ్చ కనిపిస్తే బండిని దించారనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. వెనుక మడ్‌గార్డు లోపలి వైపు టైరు రాసుకున్న చారలు కూడా వెతకండి. లింకు మార్చితే షాకబ్జార్బర్ ప్రయాణం తగ్గదు, బండి మాత్రం కిందికి వస్తుంది. దాంతో పెద్ద గుంతలో పడ్డప్పుడు టైరు వెళ్లకూడని చోటికి వెళ్తుంది. లోపల స్పేసర్ వేసిన బండిలో ఆ ఇబ్బంది ఉండదు, అక్కడ ట్రావెల్ తగ్గిపోతుంది. నన్నడిగితే దించక తప్పనివారికి రెండోదే మేలు. మొదటిది చవక కాబట్టి బజారులో అదే ఎక్కువ.

స్ప్రింగును నరికిన బళ్లు కూడా ఉంటాయి. చుట్ల కొస కంపెనీ చేసినట్టు చదునుగా కాకుండా గ్రైండర్‌తో కోసినట్టుంటే ఆ స్ప్రింగు పని అయిపోయినట్టే. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. దాన్ని సర్దే మార్గం లేదు, కొత్తది కొనాలి.

కొలతలు రాసుకోండి

బోల్టు ముట్టుకునే ముందు ఈ మూడూ రాయండి. చక్రం గాలిలో ఉండగా వెనుక ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా పైన ఒక స్థిరమైన గుర్తుకు ఉన్న దూరం మొదటిది. గుర్తు కోసం సైడ్ ప్యానెల్ మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించండి. పై క్లాంపు మీద ఫోర్కు గొట్టం పొడవు రెండోది. షాకబ్జార్బర్ స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే ప్రీలోడ్ రింగు ఎక్కడుందో, అంటే పైన మిగిలిన మరలు ఎంత పొడవున్నాయో మూడోది. ఫోన్‌తో ఫొటోలు కూడా తీయండి, ముఖ్యంగా ఏ బోల్టు ఏ వైపు నుంచి దూరి ఉందో కనిపించేలా.

సీటు ఎత్తును మాత్రం నమ్మవద్దు. ఫోమ్ కోసినా, స్ప్రింగు అలసిపోయినా, టైర్లు అరిగినా అది మారుతుంది. పనికొచ్చేవి ఇరుసు నుంచి తీసిన కొలతలే.

పార్టులు

ముందుగా అమ్మిన వ్యక్తినే అడగండి. లింకు మార్చినవారిలో చాలామంది అసలు లింకును పారేయరు, గ్యారేజీ మూలలో ఏదో డబ్బాలో ఉంటుంది. దొరక్కపోతే డీలరు వెబ్‌సైటులోని పార్టుల బొమ్మల పట్టికలో మీ మోడల్ సంవత్సరానికి తగ్గ నంబరు చూసి తెప్పించుకోండి. పాత పార్టులు అమ్మే చోట కూడా దొరుకుతాయి, అక్కడ కొంటే బేరింగులు వేరేగా కొనాల్సి రావచ్చు.

లింకుతోపాటు లాక్ నట్లు కొత్తవి తీసుకోండి. పాతవి ఒకసారి విప్పాక మొదటి పట్టు ఉండదు. సైడ్ స్టాండ్ నరికి ఉంటే దాన్ని కూడా ఇప్పుడే ఆర్డర్ చేయండి. ఇది తర్వాత చూద్దామనుకునే వస్తువు కాదు. ఎత్తు పెరిగిన బండిని పొట్టి స్టాండ్ మీద నిలిపితే అది ఎడమ వైపుకు విపరీతంగా ఒరుగుతుంది, కాస్త మెత్తటి నేల తగిలితే పడిపోతుంది.

పనిముట్లలో టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని, అంటే టార్కును, కొలిచే పానా) తప్పనిసరి. సాకెట్లు, అలెన్ కీలు, నీటికి కొట్టుకుపోని గ్రీజు, మిల్లీమీటర్లు కచ్చితంగా కొలిచే వెర్నియర్, కొన్ని చెక్క ముక్కలు, బండిని అడుగు నుంచి లేపే జాక్ కూడా సిద్ధం చేసుకోండి. పట్టుకోవడానికి ఒక మనిషి తోడుంటే ఇంకా మంచిది. బోల్టుల టార్కు అంకెలు మీ బండి సర్వీస్ మాన్యువల్ నుంచే తీసుకోండి. ఇంకో బండి అంకెలు ఇక్కడ పనికిరావు.

వెనుక లింకు మార్చడం

లింకు నట్లను బండి నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయండి. అవి చాలా గట్టిగా ఉంటాయి. జాక్ మీదికి ఎక్కించాక వాటితో కుస్తీ పడితే బండి మీద పడుతుంది.

తర్వాత జాక్‌ను ఇంజిన్ అడుగున, ఫ్రేమ్ గొట్టాలకు ఆనేలా పెట్టండి. మధ్యలో చెక్క పలక ఉండాలి. అడుగున ఉన్న రక్షణ పలక పల్చనిదైతే దాన్ని విప్పేయండి. ఇక్కడ స్వింగ్ ఆర్మ్ కింద ఆనించే ప్యాడక్ స్టాండ్ పనికిరాదు, ఎందుకంటే లింకు మీద బరువు అలాగే ఉండిపోతుంది. బరువంతా ఫ్రేమ్ మోయాలి, వెనుక చక్రం వేలాడాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పట్టీలతో కట్టి ఉంచితే నిశ్చింతగా పని చేయవచ్చు.

ఇప్పుడు వెనుక చక్రం కింద చెక్క ముక్కలు పెడుతూ, తీస్తూ లింకు బోల్టు మీద ఒత్తిడి పోయే ఎత్తు వెతకండి. సరైన ఎత్తు దొరికితే నట్టు తీశాక బోల్టు వేళ్లతో లాగినా వస్తుంది. రాకపోతే సుత్తి వైపు చూడకండి, చక్రాన్ని ఇంకో 5 మి.మీ. పైకో కిందికో జరపండి. బలవంతంగా కొడితే మరలు పోతాయి, లోపలి సూది బేరింగులు దెబ్బతింటాయి. సైలెన్సరో ఫుట్‌పెగ్ బ్రాకెట్టో అడ్డొస్తే దాన్నే ముందు విప్పండి, వంచి తీయాలని చూడవద్దు.

లింకు చేతికి వచ్చాక అసలు లింకును పక్కన పెట్టి రంధ్రం నుంచి రంధ్రానికి కొలవండి. తేడా చిన్నదిగా కనిపించి ఆశ్చర్యం కలుగుతుంది. లింకు దగ్గర మిల్లీమీటర్లలో వచ్చే తేడా చక్రం దగ్గరికి వచ్చేసరికి కొన్ని రెట్లు అవుతుంది. షాకబ్జార్బర్ విషయంలోనూ అంతే. లింకు ఉన్న చాలా డర్ట్ బైకుల్లో షాకబ్జార్బర్ 10 మి.మీ. కదిలితే చక్రం సుమారు 25 నుంచి 30 మి.మీ. కదులుతుంది.

వెనుక అమరిక ఎలాగూ విప్పారు కాబట్టి బేరింగుల సంగతి చూడకుండా మూసేయకండి. లోపలి ఉక్కు బుష్‌లను (పొట్టి గొట్టాలను) బయటికి నెట్టి చూడండి. గోధుమ రంగు పొడి రాలితే నీళ్లు చేరి తుప్పు పట్టిందన్నమాట. సూదుల్లాంటి రోలర్లు కొన్ని బేరింగుల్లో విడిగా జారి కింద పడిపోతాయి, కాబట్టి కింద పళ్లెం పెట్టుకుని పని చేయండి. శుభ్రం చేసి, గ్రీజు దట్టంగా పట్టించి, రోలర్లను ఆ గ్రీజుతోనే అతికించి బుష్ తిరిగి దూర్చండి. చిరిగిన సీళ్లు మార్చండి. అధిక ఒత్తిడి పంపుతో కడిగిన బళ్లలో ఈ చోట గ్రీజు మిగిలి ఉండడం అరుదు. లింకు మార్చడానికి పట్టిన సమయం కంటే దీనికే ఎక్కువ పట్టినా పట్టనివ్వండి. బండి నడకలో మీకు తెలిసే మార్పులో కొంత ఈ గ్రీజు వల్లే వస్తుంది.

అసలు లింకు బిగించేటప్పుడు ఒక చిన్న ఇబ్బంది ఎదురవుతుంది. చక్రం ముందున్న ఎత్తులోనే ఉంటే రంధ్రాలు కలవవు. చక్రం ఇంకా కిందికి దిగాలి, లేదా బండి ఇంకా పైకి లేవాలి. చెక్క ముక్కలు తీసేసి జాక్‌ను మరికొంత లేపండి. బోల్టులు ఫొటోలో ఉన్న దిశలోనే దూర్చి, కొత్త నట్లతో ముందు చేత్తో బిగించి, అన్నీ కూర్చున్నాక టార్కు ఇవ్వండి. మీ బండిలో సూది బేరింగులకు బదులు రబ్బరు బుష్‌లు ఉంటే చివరి బిగింపు బండి నేల మీద ఉన్నప్పుడు చేయాలి. గాలిలో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చినుగుతుంది.

ముందు వైపు ఫోర్కులను క్లాంపుల్లో కిందికి జరపడం

వెనుక పని ముగించి, ముందు పని వచ్చే ఆదివారానికి వాయిదా వేసి, ఆలోగా బండి నడపాలని చూడకండి. వెనుక లేచి ముందు దిగి ఉంటే ఫోర్కు నిటారుగా అవుతుంది, వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. అందుకు తిరగబడితే, అంటే ముందు లేచి వెనుక దిగి ఉంటే, బండి మలుపు తీసుకోవడానికి మొండికేస్తుంది. రెండూ ఒకే రోజున అయిపోవాలి.

జాక్ మీదే ఉన్న బండిని ముందు చక్రం నేలకు తేలిగ్గా తగిలేంత ఎత్తులో ఉంచండి. ఫోర్కు మూత మీద గాలి వదిలే స్క్రూ ఉంటే ఒకసారి విప్పి మళ్లీ బిగించండి. పై క్లాంపు, కింది క్లాంపు బోల్టులను రెండు వైపులా వదులు చేయండి, పూర్తిగా తీయవద్దు. ఈ దశలో బండి బరువంతా జాక్ మీదే ఉండాలి. బరువు చక్రాల మీద ఉండగా ఈ బోల్టులు వదిలితే బండి ఒక్కసారిగా కిందికి జారుతుంది, వేళ్లు నలుగుతాయి.

ఇక జాక్‌ను నెమ్మదిగా లేపుతూ వెళ్లండి. బండి పైకి పోతుంటే గొట్టాలు చక్రం బరువుకు కిందికి జారుతాయి. ఇరుసు ఫోర్కు రెండు కాళ్లనూ కలిపి పట్టుకుంది కాబట్టి దాదాపు సమంగా దిగుతాయి. జారకుండా బిగుసుకుంటే గొట్టాన్ని అటూ ఇటూ కొద్దిగా తిప్పండి. క్లాంపు చీలికలో స్క్రూడ్రైవర్ పెట్టి తెరిచే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఉంది. అల్యూమినియం పగలడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

మాన్యువల్ చెప్పిన ఎత్తుకు రాగానే వెర్నియర్‌తో రెండు వైపులా కొలవండి. రెండూ ఒకే అంకె చూపాలి, ఒక మిల్లీమీటరు తేడాను కూడా వదిలేయవద్దు. బిగించేటప్పుడు కింది క్లాంపు బోల్టుల మీద ప్రత్యేక శ్రద్ధ కావాలి. ఒకటి బిగిస్తే పక్కది వదులవుతుంది కాబట్టి మార్చి మార్చి, రెండూ టార్కు పట్టుకునే దాకా బిగిస్తూ పోవాలి. "ఇంకొంచెం" అని అదనంగా బిగించకండి. తలకిందుల ఫోర్కులో క్లాంపు పట్టుకునేది లోపల బుష్ జారే బయటి గొట్టాన్నే. అది కొద్దిగా నొక్కుకుపోయినా ఫోర్కు కదలిక బిగుసుకుంటుంది. కొత్త సీళ్లు వేసినా ఆ బిగుతు పోదు.

తర్వాత ఇరుసును బిగించే చిన్న బోల్టులు వదులు చేసి, బండిని నేల మీదికి దించి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. ఫోర్కు కాళ్లు రెండూ వాటి సహజమైన దూరానికి సర్దుకుంటాయి. ఆపైన ఇరుసు బోల్టులు బిగించండి.

లోపల స్పేసర్లు ఉంటే

ఫోర్కులోని స్పేసర్ తీయడం ఇంట్లో సాధ్యమే, అయితే ఫోర్కు విప్పి సర్వీసు చేసిన అనుభవం ఉండాలి. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. స్పేసర్ వేసినవారు ఫోర్కు పొట్టిదైంది కాబట్టి స్ప్రింగు మీదుండే ప్రీలోడ్ గొట్టాన్ని కూడా కోసి పొట్టి చేసి ఉంటారు. స్పేసర్ తీసేసి ఆ కోసిన గొట్టాన్నే మళ్లీ వేస్తే స్ప్రింగు లోపల వదులుగా ఊగుతుంది. ప్రీలోడ్ గొట్టం అసలు పొడవుది కొనాలి, లేదా తగిన పైపుతో సరైన కొలతకు కోయించాలి. నూనె ఎత్తును మాన్యువల్ చెప్పిన స్థితిలోనే కొలవాలి. సాధారణంగా స్ప్రింగు బయటికి తీసి, ఫోర్కును పూర్తిగా నొక్కి ఉంచి, పై అంచు నుంచి నూనె మట్టానికి కొలుస్తారు.

వెనుక షాకబ్జార్బర్ మాత్రం సస్పెన్షన్ వర్క్‌షాపుకే ఇవ్వండి. అందులో అధిక ఒత్తిడిలో నైట్రోజన్ ఉంటుంది, సాధారణంగా 10 బార్ల దగ్గర. గాలి వదలకుండా విప్పితే మూత తూటాలా వస్తుంది. మళ్లీ నింపడానికి కావలసిన సిలిండరు, రెగ్యులేటరు ఇళ్లలో ఉండవు. ఇచ్చేటప్పుడు "స్పేసర్ తీసి అసలు పొడవుకు తెచ్చి, నూనె, సీలు మార్చి ఇవ్వండి" అని స్పష్టంగా చెప్పండి. ఎలాగూ విప్పుతారు కాబట్టి కూలీ ఒకేసారి పోతుంది. తీసిన స్పేసర్‌ను తిరిగి ఇమ్మనండి. అది చేతిలో ఉంటేనే పని జరిగిందని, బండి ఎంత దిగి ఉండేదో అని రెండూ తెలుస్తాయి.

ఎత్తు పెరిగాక సరిచూడవలసినవి

చెయిన్ ముందు చూడండి. ముందు పళ్ల చక్రం, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనుక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చెయిన్ అత్యంత బిగువుగా ఉంటుంది. దించిన బండి నిలబడి ఉన్నప్పుడు ఆ గీతకు దగ్గరగా ఉంటుంది, ఇప్పుడు దూరమైంది. అందుకే పాత సర్దుబాటు ఇప్పుడు వదులుగా కనిపిస్తుంది. కంగారుపడి లాగేయకుండా మాన్యువల్ చెప్పిన చోట, చెప్పిన స్థితిలో కొలిచి సరిచేయండి. అనుమానంగా ఉంటే ఇద్దరు మనుషులు కూర్చుని బండిని కుంగదీసి, ఆ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు కూడా కొంత వదులు మిగిలి ఉందో లేదో చూడండి.

తర్వాత గొట్టాలు, తీగలు. ముందు బ్రేకు గొట్టం, ఏబీఎస్ సెన్సర్ తీగ ఇప్పుడు ఎక్కువ దూరం సాగాలి. దించినప్పుడు మిగిలిపోయిన వదులును ఎవరైనా జిప్ టైలతో కట్టేసి ఉంటే వాటిని కోసేయండి. చక్రం గాలిలో ఉంచి, హ్యాండిల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పుతూ ఏదీ బిగుసుకోవడం లేదని నిర్ధారించుకోండి. వెనుక బ్రేకు గొట్టానికీ ఇదే పరీక్ష.

కోసిన సీటుకు కొత్త ఫోమ్ వేయించడం మీ ఇష్టం. నిజానికి కాళ్లు అందవనే భయం ఉన్నవారికి సీటును కొంత తక్కువగా ఉంచుకోవడమే అన్నిటికంటే హాని లేని పద్ధతి. అది సస్పెన్షన్‌ను తాకదు. హెడ్‌లైటును మాత్రం చీకటి పడ్డాక గోడ ముందు నిలబెట్టి సరిచేయండి.

ప్రీలోడ్, శాగ్

దించిన బండిని పైకి లేపడానికి ప్రీలోడ్ రింగును తిప్పి స్ప్రింగును బిగిస్తే చాలని చెప్పేవారు ఉన్నారు. బండి కొంత లేస్తుంది, నిజమే. కానీ పొట్టి చేసిన సస్పెన్షన్ పొట్టిగానే ఉంటుంది, చక్రం గుంతలోకి దిగడానికి మిగిలిన చోటు కూడా తగ్గిపోతుంది. ప్రీలోడ్‌తో సరిచేసేది ఎత్తును కాదు, మీ బరువుకు బండి ఎంత కుంగాలో దాన్ని. ఆ కుంగుడునే శాగ్ అంటారు.

పొడవైన లింకు వేసిన బండిలో స్ప్రింగు మెత్తగా అనిపిస్తుంది, ఎందుకంటే చక్రానికి దాని మీద మీట బలం పెరుగుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి పాత యజమాని ప్రీలోడ్ బిగించి ఉండవచ్చు. అసలు లింకు వేశాక ఆ ప్రీలోడ్ ఎక్కువవుతుంది. షాకబ్జార్బర్‌లో స్పేసర్ తీసినప్పుడు కథ ఇంకో రకంగా ఉంటుంది: పొట్టి షాకబ్జార్బర్‌కు సరిపోయేలా వదులు చేసిన రింగు ఇప్పుడు చాలకపోవచ్చు. ఏ దారైనా కొత్తగా కొలవక తప్పదు.

ఇందుకు ముగ్గురు కావాలి: కూర్చోవడానికి మీరు, బండి పట్టుకోవడానికి ఒకరు, కొలవడానికి ఒకరు. చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి టేపు గుర్తుకు కొలత తీయండి. తర్వాత బండిని నేల మీద నిలబెట్టి, ఒకసారి కుంగదీసి వదిలి, మనిషి లేకుండా కొలవండి. చివరగా హెల్మెటు, బూట్లు, వీపు సంచి అన్నీ వేసుకుని మీరు ఎక్కి, ఫుట్‌పెగ్‌ల మీద లేచి కూర్చున్నాక కొలవండి. మొదటి కొలతలోంచి మూడోది తీసేస్తే మీతో కలిసి బండి కుంగిన దూరం వస్తుంది. అది ట్రావెల్‌లో దాదాపు మూడో వంతు ఉండాలి. సీఆర్‌ఎఫ్300ఎల్ వెనుక 260 మి.మీ. కాబట్టి సుమారు 85 మి.మీ. దగ్గర ఆగాలి. 300 మి.మీ. ట్రావెల్ ఉన్న పోటీ బళ్లకు 100 నుంచి 105 మి.మీ. పెట్టుకుంటారు.

అది సరిపోయాక రెండో కొలత వైపు చూడండి. మనిషి లేకుండానే బండి కొంత కుంగాలి. పోటీ బళ్లలో అది 30 నుంచి 40 మి.మీ. దాకా ఉంటుంది. మీతో కలిపి కొలత సరిగ్గా ఉండి, మీరు దిగగానే బండి పూర్తిగా పైకి లేచిపోతుంటే స్ప్రింగు మీ బరువుకు మెత్తనిది. మీరు లేకుండానే విపరీతంగా కుంగుతుంటే స్ప్రింగు గట్టిది. రెండు సందర్భాల్లోనూ ప్రీలోడ్ తిప్పి లాభం లేదు, స్ప్రింగు మార్చాలి. ఎత్తు తక్కువ యజమాని చాలాసార్లు బరువు కూడా తక్కువే ఉంటాడు, కాబట్టి మెత్తని స్ప్రింగు వేయించుకుని ఉండవచ్చు. స్ప్రింగు చుట్టు మీద అచ్చువేసిన నంబరు ఉంటే దాన్ని చూసి తెలుసుకోండి. సీఆర్‌ఎఫ్300ఎల్‌కు కంపెనీ ఇచ్చే స్ప్రింగులే మెత్తనివని చాలాకాలంగా నడిపేవారు అంటారు. కాస్త బరువైన మనిషి సామానుతో వెళ్లేటట్టయితే ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

మొదటి ప్రయాణం

ముందు మైదానంలో, తక్కువ వేగంలో రెండు వైపులా మలుపులు తిప్పండి. బ్రేకు గట్టిగా పట్టి చూడండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద వేగం కొద్దికొద్దిగా పెంచండి. హ్యాండిల్ వణికితే ముందు ఫోర్కు కొలత మళ్లీ చూడండి, ఆపైన టైరు గాలి, స్టీరింగ్ బేరింగు వదులు పరీక్షించండి. దించి నడిపిన బండికి అలవాటుపడినవారికి ఇది మొదట బరువుగా, మలుపులో నెమ్మదిగా తిరుగుతున్నట్టు అనిపించవచ్చు. ఫోర్కు కోణం అసలు స్థానానికి వచ్చింది కాబట్టి అలా ఉండడం సహజమే.

ఇంటికి వచ్చాక, లేదా మొదటి 50 నుంచి 100 కిలోమీటర్లలోపు, లింకు నట్లకూ క్లాంపు బోల్టులకూ మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి చూడండి. ప్రతి నట్టు మీద పెయింటు పెన్నుతో నట్టుకూ ఫ్రేముకూ కలిపి ఒక గీత గీస్తే తర్వాత నట్టు కదిలిందో లేదో చూపుతోనే తెలుస్తుంది. తీసిన లింకును, స్పేసర్లను బండి మోడల్, పాత కొలతలు రాసిన కాగితంతో సహా ఒక సంచిలో కట్టి పెట్టండి. వాటిని వెతుక్కునేవారు ఎప్పుడూ ఉంటారు, మంచి ధరే పలుకుతాయి.